గోపీనాథం మరువని తెలుగు అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్

కర్ణాటక అడవుల చరిత్రలో 1991 నవంబర్ 10 చెరిగిపోని తేదీ. తెలుగు నేల మీద పుట్టి, కన్నడ రాష్ట్రంలో ఉద్యోగం చేసి, తమిళం మాట్లాడే పల్లె కోసం పాటుపడిన అటవీ అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్ ఆ రోజే ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు.

1954 సెప్టెంబర్ 12న రాజమండ్రిలో జన్మించిన శ్రీనివాస్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. 1979లో ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు ఎంపికై, డెహ్రాడూన్‌లో అటవీ విద్య పూర్తి చేసి, కర్ణాటక కేడర్‌లో చేరారు. చామరాజనగర్ ప్రాంతంలో పనిచేస్తున్న రోజుల్లో ఏనుగు దంతాలు, గంధపు చెక్కల దొంగ వీరప్పన్‌తో ఆయనకు తలపడాల్సి వచ్చింది. 1986లో వీరప్పన్ పట్టుబడ్డాడు కానీ అటవీ సిబ్బంది నిర్బంధం నుంచి తప్పించుకుపోయాడు. ఆ తర్వాత వరుస హత్యలతో ఆ అడవులు వణికిపోయాయి.

వీరప్పన్ సొంత ఊరు గోపీనాథం. కాపలా పెంచితే చాలదని, ఆ ఊరి జనం బతుకు మారితేనే ముఠాకు అండ తగ్గుతుందని శ్రీనివాస్ నమ్మారు. అందుకే అక్కడే మకాం పెట్టారు. పేదలకు ఇళ్లు కట్టించారు, వైద్యం అందేలా చూశారు, మారియమ్మ గుడి నిర్మాణానికి పూనుకున్నారు. ముఠాలో ఉన్నవారి కుటుంబాలతో మాట్లాడి, పలువురిని లొంగిపోయేలా ఒప్పించారు. అనుచరులు ఒక్కొక్కరే జారిపోతుండటంతో వీరప్పన్‌కు ఆయన మీద పగ పెరిగింది.

చివరికి ఆ నమ్మకాన్నే ఉచ్చుగా వాడుకున్నారు. వీరప్పన్ లొంగిపోతాడని అతని తమ్ముడు అర్జునన్ కబురు తెచ్చాడు. ఆయుధం లేకుండా రావాలన్నది షరతు. శ్రీనివాస్ ఒప్పుకొని అడవిలోకి నడిచారు. దారిలో పొంచి ఉన్న ముఠా ఆయనను కాల్చి చంపి, తల నరికి తీసుకుపోయింది. 1992లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించింది. వీరప్పన్ మాత్రం 2004 అక్టోబర్ 18 వరకు, అంటే మరో పదమూడేళ్ల దాకా, పోలీసులకు చిక్కలేదు.

నిరాయుధంగా వెళ్లడం పొరపాటా అన్న చర్చ ఉండవచ్చు. అయితే ఒక సంగతి గమనించాలి. అంతకుముందు ముఠా మనుషులు లొంగిపోయింది కూడా ఆయన మాట మీద నమ్మకంతోనే. ఆ రోజు వెనకడుగు వేసి ఉంటే, లొంగిపోదామనుకునే మిగతావారు ఆయన మాటను నమ్మేవారా?

బళ్లారి తెలుగువారికి ఈ జీవితం దగ్గరగా అనిపిస్తుంది. 1953లో బళ్లారి మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరులోకి వచ్చింది. అప్పట్లో గోపీనాథం ఉన్న కొళ్లేగాల తాలూకా కూడా 1956లో అలాగే మద్రాసు నుంచి వచ్చి కలిసింది. రెండూ సరిహద్దు గీతలు మారినా ఇంటి భాష మారని నేలలే. అటువంటి చోట శ్రీనివాస్ తన భాష కాని జనానికి సొంత మనిషి అయ్యారు. మన పిల్లలకు ఆయన పేరు చెప్పాలి. పొరుగు రాష్ట్రంలో తెలుగువారు కూలికీ వ్యాపారానికీ మాత్రమే రాలేదని, ఈ అడవులను కాపాడుతూ నేలకొరిగిన వారిలో మనవాడూ ఒకరున్నాడని వారికి తెలియాలి.