భూలోకమల్ల సోమేశ్వరుడు

సాయంకాలమున పాఠశాల విడిచిన పిమ్మట మన వసతిగృహపు బాలురు గుంపులుగా చెఱువుకట్ట వైపునకు వాహ్యాళికి పోవుట మేము దినదినమును చూచుచుందుము. కాలినడకను పోవు షికారునకు వాహ్యాళి యను పేరెట్లు వచ్చెనని యడిగిన చెప్పగలవారు తక్కువ. పూర్వమది గుఱ్ఱములను నడపెడి మైదానమునకు పేరు. రాజులు తమ గుఱ్ఱముల నచ్చట పరుగెత్తించి, వాని నేర్పును పరీక్షించి, పందెములాడుచుండిరి. గుఱ్ఱములు పోయినవి, మాట మాత్రము మన నోళ్లలో నిలిచినది. ఆ మైదానమును గూర్చియు, అచ్చటి వినోదమును గూర్చియు గ్రంథమున వ్రాసిన రాజొకడు ఒకప్పుడు మన ప్రాంతమునే యేలెను. ఆయన చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ సంచికలో సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆ రాజు పశ్చిమ చాళుక్య వంశజుడగు మూడవ సోమేశ్వరుడు. భూలోకమల్లుడనియు, సర్వజ్ఞ చక్రవర్తియనియు ఆయనకు బిరుదులు. తండ్రియగు ఆఱవ విక్రమాదిత్యుడు 1076లో సింహాసనమెక్కి, తన పేర నొక శకమును నెలకొల్పి, ఏబది సంవత్సరములు రాజ్యము చేసెను. వారి రాజధానియగు కల్యాణపురము నేడు కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో బసవకల్యాణమను పేర నున్నది. మహాకవి బిల్హణుడును, మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడును ఆ కొలువున నుండినవారే. ఇట్టి పండితుల నడుమ పెరిగిన రాజకుమారునకు విద్యయందు ప్రీతి కలుగుట వింత కాదు.

జనగామనుండి సికింద్రాబాదునకు రైలుబండిలో పోవువారు ఆలేరు స్టేషనులో దిగి, సుమారు నాలుగు మైళ్లు పోయినచో కొలనుపాక చేరుదురు. నేడది జైనుల యాత్రాస్థలము. ఆ కాలమున నది కొల్లిపాక యేడువేలను గొప్ప సీమకు ముఖ్యపట్టణము. సోమేశ్వరుడు రాజకుమారుడై యున్నపుడు ఈ సీమను పాలించెను. అచ్చటి శాసనములలో కుమార సోమేశ్వరుడను పేరు కాన్పించును. హనుమకొండ కాకతీయులు అప్పటికింకను చాళుక్యుల సామంతులే. కనుక సోమేశ్వరుడు మనకు పరాయి రాజు కాడు.

1126లో తండ్రి మరణింపగా సోమేశ్వరుడు పట్టాభిషిక్తుడయ్యెను. అటుపిమ్మట మూడేండ్లకు, అనగా 1129 ప్రాంతమున, మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు భాగములైదు, భాగమొకటికి ఇరువది చొప్పున అధ్యాయములు నూఱు. రాజనీతి, వైద్యము, వంటలు, చిత్రలేఖనము, సంగీతము, నాట్యము మొదలగునవి యన్నియు అందున్నవి. నాలుగవ భాగము రాజులకు దగిన యిరువది వినోదములను వర్ణించును. అందొకటి అశ్వవాహ్యాళి.

ఇది వట్టి వేడుకయని తలపరాదు. మన దక్కను నేలలో మేలుజాతి గుఱ్ఱములు విరివిగా పుట్టవు. అరబ్బు దేశమునుండి ఓడలలో పడమటి రేవులకును, సింధు కాంబోజాది దేశములనుండి భూమార్గమునను వానిని తెప్పింపవలసియుండెను. దారిలో చచ్చినవి చావగా, మిగిలినవాని వెల మిక్కిలి హెచ్చు. అట్లు తెచ్చిన లేత గుఱ్ఱమును తొందరపాటుచే చెఱుపుట బొక్కసమునకు నష్టము. యుద్ధమున రౌతునకు ప్రాణహాని. కావుననే గుఱ్ఱములకు శిక్ష నొసగు సాహిణులకు రాజాస్థానములలో గొప్ప మర్యాద యుండెను. తరువాత కాకతీయుల కాలమున సాహిణి యను మాట సేనాపతుల పేరులకే బిరుదుగా జేరెను.

లేత గుఱ్ఱమునకు విద్య గఱపుట యెట్లు? నేర్పరియైనవాడు లాయమునకు వచ్చిన దినముననే దాని వీపున నెక్కడు. మొదట చేతి స్పర్శకును, కంఠస్వరమునకును దానిని అలవాటు చేయును. పిమ్మట త్రాటితో చుట్టు త్రిప్పును. ఆ పిమ్మట కళ్లెము, తరువాత జీను. అది జీను బరువును మఱచిన పిమ్మటనే రౌతు. నడక కుదిరినగాని పరుగు లేదు. పరుగు కుదిరినగాని దుముకు లేదు. అమరకోశమున గుఱ్ఱపు గతులైదు చెప్పబడినవి: ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. ఒకదాని తరువాత నొకటి నేర్పవలసినదే. కొరడాను గూర్చి మన ప్రాచీన అశ్వశాస్త్రములు మిక్కిలి జాగ్రత్త చెప్పినవి. తప్పు చేసినపుడే, ఆ తప్పునకు దగినచోటనే కొట్టవలెను గాని, రౌతు తన కోపము తీర్చుకొనుటకు కొట్టరాదు. బెదరిన గుఱ్ఱమును కొట్టినచో, అది మొదట దేనిని జూచి బెదరెనో దానికిని, కొరడాకును గూడ బెదరుట నేర్చును.

ఇట్లు శిక్షితములైన గుఱ్ఱములతో వాహ్యాళి భూమియందు పందెము జరుగును. ప్రక్కకు ఎనమండుగురు చొప్పున రౌతులు రెండు పక్షములుగా చీలుదురు. చేతులలో కొనవంగిన కఱ్ఱలు. నేలమీద తోలు తొడిగిన కొయ్యబంతి. ఎదిరిపక్షమును తప్పించి బంతిని తోరణము దాటించినవారికి జయము. ఇప్పటి పోలో ఆట ఇట్టిదే. గుఱ్ఱము పరుగున పోవుచు ఠక్కున నిలువవలెను, నిలిచిన చోటనే తిరుగవలెను, ప్రక్క గుఱ్ఱము తాకినను జంకరాదు. 1912లో స్టాకుహోము నగరపు ఒలింపిక్కు క్రీడలలో మొదటిసారిగా చేర్చబడిన అశ్వపరీక్షయందును ఈ గుణములే కోరబడినవి. అందు ఒకే గుఱ్ఱము మైదానమున అణకువతో నడచి చూపవలెను, పొలములకు అడ్డుపడి పరుగెత్తవలెను, కంచెలను దుముకవలెను. కొన్ని యేండ్ల ఓర్పు లేనిదే అట్టి గుఱ్ఱము సిద్ధము కాదు.

మాకు విశేషముగా తోచునదేమనగా, సోమేశ్వరుని మాటకు మనుష్యులందఱు తలయొగ్గుదురు. గుఱ్ఱమునకు మాత్రము కిరీటము తెలియదు. దాని ముందు చక్రవర్తియు సామాన్య రౌతే. అధికారముచే కాని పనిని ఓర్పుచే సాధింపవలసిన చోటు రాజునకు వాహ్యాళి యొక్కటే కాబోలు. పరిశుద్ధ గ్రంథమున యాకోబు తన పత్రికలో గుఱ్ఱపు నోటి కళ్లెమును మనుష్యుని నాలుకతో పోల్చియున్నాడు. పరుల నోట కళ్లెము పెట్టువాడు తన నోటికి ముందుగా పెట్టుకొనవలెను. బెత్తము చేతబట్టు మా ఉపాధ్యాయులకు ఈ పాఠము మఱింత యవసరమని యొప్పుకొనుచున్నాము.

ఆయన చరిత్రమున కొఱతలు లేకపోలేదు. ఆ గ్రంథముననే కోళ్లను, పొట్టేళ్లను, దున్నలను పోరాడించుట రాజవినోదములుగా చెప్పబడినది. మనుష్యులు ప్రాణములొడ్డి చేయు ద్వంద్వయుద్ధములును అందు చేరినవి. గుఱ్ఱముపై చూపిన కనికరము వీనిపై చూపబడలేదు. రాజ్యపు పగ్గములును ఆయన చేతిలో బిగువుగా నిలువలేదు. వేంగీదేశము చాళుక్యుల చేజాఱెను. దక్షిణమున హొయ్సల విష్ణువర్ధనుడు స్వతంత్రుడగుటకు పెనగులాడుచుండెను. 1138లో సోమేశ్వరుడు కాలధర్మము నొందెను. ఆయన కుమారుడగు తైలపుని కాకతి రెండవ ప్రోలరాజు యుద్ధమున పట్టి విడిచెనని, 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము తెలుపుచున్నది. నాటి సామంతులే నేటి ప్రభువులైరి.

రాజ్యము పోయినది గాని గ్రంథము నిలిచినది. వ్రాతప్రతులలో నిలిచిన మానసోల్లాసపు మొదటి సంపుటము 1925లో బరోడా నగరమున అచ్చుపడెను. ఇంచుమించు ఎనిమిది వందల యేండ్లు ఒకరి తరువాత నొకరు వ్రాసి కాపాడినవారి పేరులు మనకు తెలియవు. లాయములో తెల్లవాఱకమున్నే లేచి గుఱ్ఱమును మాలిసు చేసిన సేవకుల పేరులును తెలియవు. వారి ఓర్పు లేనిదే రాజునకు పందెమున గెలుపును లేదు, మనకీ చరిత్రమును లేదు.

బాలురారా, రేపు సాయంకాలము వాహ్యాళికి బయలుదేఱునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మీరును లేత గుఱ్ఱములవంటివారే. ఒక్క దినమున పరుగు రాలేదని చింతింపకుడు. నడక కుదురుచున్నదా యని చూచుకొనుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ ప్రక్కింటి బిడ్డవలె ఇంకను దుముకలేదని కొరడా నెత్తకుడు. మేమును మా వంతు ఓర్పు వహింతుము.