రుద్రమదేవి వంశవిచారము

ఈ సంచికకై కాకతి రుద్రమదేవి చరిత్రమును వ్రాసి యీయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఆమె మన కులమున జన్మించినదని నిరూపించి వ్రాసినచో సభకు మరింత శోభ గలుగునని కొందరు మిత్రులు సూచించిరి. ఈ కోరిక మన కొక్కరికే కలిగినది కాదు. పెక్కు కులములవారు ఆమెను తమ యాడపడుచుగా జెప్పుకొనుచునే యున్నారు. కావున శాసనములు చెప్పునంతవరకే చెప్పి, అవి మౌనము వహించినచోట మేమును మౌనము వహించుట యుక్తమని నిశ్చయించుకొంటిమి.

రుద్రమదేవి గణపతిదేవ చక్రవర్తి పుత్రిక. వెనీసు నగరవాసియగు మార్కోపోలో యామెను రాజుగారి విధవాపత్నినిగా వ్రాసెను గాని శాసనములయందు కుమార్తె యనియే స్పష్టముగా నున్నది. చక్రవర్తి తన కుమార్తెలలో గణపాంబను కోట బేతరాజునకును, రుద్రాంబను నిడుదవోలు చాళుక్య వీరభద్రునకును ఇచ్చి వివాహము గావించెను. రాజ్యార్హుడగు కుమారుడు లేమిచే 1262 ప్రాంతమున రాజ్యభారము రుద్రాంబపై బడెను. ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో నేలెను. స్త్రీ యేలుబడి గదా యని దండెత్తి వచ్చిన దేవగిరి యాదవుడు మహాదేవుడు పరాజితుడయ్యెను.

ఇక కులము మాట. 1244లో గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనము దుర్జయుని పూర్వులలో శ్రీరాముని జేర్చి, కాకతీయులను సూర్యవంశజులనుగా జెప్పుచున్నది. 1261 నాటి మల్కాపుర శాసనమును ఆ త్రోవనే నడచినది. కాని ఆ గణపతిదేవుని సేనానియే యగు మల్యాల గుండయకు సంబంధించిన బూదపూరు, వడ్డమాను శాసనములు తన యేలికలను చతుర్థకులజులని నిస్సంకోచముగా బేర్కొనుచున్నవి. ఏలికను సేవకుడు కావలెనని తక్కువ చేయునా? ఆ మాట ఆనాడు న్యూనతగా నెంచబడలేదని మా తాత్పర్యము. సంస్కృత ప్రశస్తులు చదివినవారికి ఆ రచనా మర్మము తెలియనిది కాదు. ప్రభువు బలవంతుడైనకొలది వంశవృక్షము పైపైకి ప్రాకును. విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున మరియొక యుపాయము పన్నినాడు. ఈ కులము సూర్యచంద్రవంశముల రెంటి కీర్తిని మించినదన్నాడు. రెంటిని మించినదన్నవాడు రెంటిలో నొకటి యని చెప్పలేదు గదా! ఆ కవి సత్యమును దాటకయే స్తుతిని నెరవేర్చినాడని మాకు దోచుచున్నది.

వియ్యములను బట్టి కులము నిర్ణయింతమన్నను కుదురదు. కోటవారు చతుర్థకులజులు. నిడుదవోలు చాళుక్యులు చంద్రవంశజులమని చెప్పుకొన్నవారు. రుద్రమదేవి కూతురు రుయ్యమ్మ భర్త ఇందులూరి అన్నయమంత్రి బ్రాహ్మణుడు. ఒక్క యింటి వియ్యములే యిన్ని తెరగులుగా నుండగా, నేటి కులనామమును దేనిని వారికి దగిలింపగలము?

దేశమును గూర్చియు వివాదము గలదు. వేంగి చాళుక్యుడు దానార్ణవుని 956 నాటి మాంగల్లు శాసనమున కాకర్త్య గుండ్యన కనిపించుచున్నాడు. అతడు రాష్ట్రకూటుల వెంట వచ్చినవాడని చరిత్రకారులు కొందరందురు. తొలి కాకతీయుల శాసనములు కొన్ని కన్నడభాషలో నున్నమాట నిజమే. అవి కల్యాణి చాళుక్యులకు సామంతులుగా నున్ననాటివి. ఏలికల భాషలో వ్రాయించిరి. రుద్రదేవుడు 1163లో స్వతంత్రుడైన పిమ్మట తెలుగే పెంపొందినది. శాసనభాషను బట్టియే వారిని కన్నడులనుట తొందరపాటు.

మతవిషయమున, వారు తొలుత జైనులై పిదప శైవులైరని సాధారణముగా జెప్పుదురు. ఆ క్రమమంత సూటిగా నిలువదు. 1090 నాటి కాజీపేట శాసనమున బేతరాజు కాలాముఖశైవుడగు రామేశ్వరపండితునకు జేసిన దానము గలదు. 1117లో హనుమకొండ పద్మాక్షిగుట్టపై మంత్రి బేతన భార్య మైలమ జైనబసది గట్టించెను. అనగా ముందు శైవదానము, పిదప జైనబసది! ఒక్క కొలువున రెండు మతములును ఆదరము పొందినవి.

రుద్రమదేవి మాత్రము నిస్సంశయముగా శైవ. గురువగు విశ్వేశ్వరశివాచార్యునకు మందడము నిచ్చినది. మల్కాపుర శాసనమున వర్ణింపబడిన ఆ మఠమునకు ప్రసూతిశాలయు, వైద్యశాలయు, విద్యాలయమును అనుబంధములు. అచటి సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నమిడవలసినదని యేర్పాటు. ఈ యొక్క యంశమును దాతలు శ్రద్ధతో జదువ బ్రార్థితులు; మన విద్యార్థి వసతిగృహమునకు చందాలు కోరు పుటకు ముందే దీనిని వేయించుడని సంపాదకులను గోరితిమి. ఆమె చిత్రపటము క్రింద మన కులనామమును జేర్పవలదనియు విన్నవించితిమి.

కాయస్థ అంబదేవుని తిరుగుబాటుతో ఆమె తుదిదినములు యుద్ధమున గడచినవి. నల్లగొండ మండలమున చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శిల యొకటి దొరకినది. కాకతి రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకము పొందుటకై పువ్వుల ముమ్మడి యను సేవకుడు సోమనాథదేవునకు భూమి నిచ్చి దానిని వేయించెను. పిమ్మట ఓరుగల్లు సింహాసనమును ఆమె దౌహిత్రుడు, ముమ్మడమ్మ కొడుకు, ప్రతాపరుద్రు డెక్కెను.