కణం గుమ్మం తెలిసిన మన సుబ్బారావు

ప్రభుత్వాసుపత్రి మందుల గదిలో ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, డీఈసీ మాత్రలు వేర్వేరు అరల్లో ఉంటాయి. మొదటిది గర్భిణులకు, రెండోది కీళ్లవాతానికి, మూడోది బోదకాలు వ్యాధికి. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒక్క తెలుగువాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

పేగుల్లో మొదలైన పట్టుదల

ఆయన సోదరుల్లో ఇద్దరు ‘స్ప్రూ’ వ్యాధికి బలయ్యారు. అదే జబ్బు ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. స్ప్రూలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న ఆహారంలోని పోషకాలు పేగు కణాల పొర దాటి రక్తంలోకి చేరవు. విరేచనాలు ఆగవు, ఫోలిక్ యాసిడ్ అందక రక్తం తగ్గిపోతుంది.

కణం చుట్టూ ఉండే పొర మందం 7-8 నానోమీటర్లే. రెండు వరుసల కొవ్వు అణువులు, వాటి మధ్య గుమ్మాల్లాంటి ప్రొటీన్లు. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో ఈ గుమ్మాలే చూసుకుంటాయి.

పంపు నడిపే ఇంధనం

1923లో సుబ్బారావు అమెరికా చేరారు. బోస్టన్‌లో పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేస్తూనే హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కణం పొరలోని కొవ్వులోనూ ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి, దాన్ని లెక్కగట్టడానికి ఆ తర్వాతి పరిశోధకులు ఈ పద్ధతినే మెరుగుపరిచి వాడుకున్నారు.

1929లో ఈ ఇద్దరూ కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. కణం పొరలోని పంపు ఒక్కో ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఈ పంపు ఆగితే నరం పలకదు, గుండె కొట్టుకోదు. దీన్ని గుర్తించిన జెన్స్ స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది.

ఒకే గుమ్మం, రెండు మాత్రలు

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కని సుబ్బారావు 1940లో లెడర్లే సంస్థకు వెళ్లారు. ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. తన ఇంటివాళ్లను మింగిన జబ్బుకు అలా మందు దొరికింది. ఆ వెంటనే ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో తొలిసారి, కొంతకాలమైనా, వ్యాధిని వెనక్కి నెట్టగలిగారు.

మెథోట్రెక్సేట్ కణంలోకి వెళ్లేది ఫోలేట్ వెళ్లే గుమ్మంలోంచే. చుట్టంలా లోపలికొచ్చి కణ విభజనను ఆపుతుంది. అందుకే ఈ మందుతో అంత జాగ్రత్త అవసరం.

నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెల్లో కీళ్లవాతానికి దీన్ని వాడేవారు ఒక్క మాట మరవొద్దు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ వారమో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను డాక్టర్ చెప్పిన రోజుల్లోనే వేసుకోండి. నోట్లో పుండ్లు, జ్వరం, ఆయాసం, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రండి. గర్భిణులు, పిల్లలు కావాలనుకునేవారు మెథోట్రెక్సేట్ వాడకూడదు. వారికి కావాల్సింది ఫోలిక్ యాసిడే. గర్భం రాకముందే మొదలుపెడితే బిడ్డ వెన్నుపాము లోపాల ముప్పు తగ్గుతుంది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. ఆయనకు నోబెల్ రాలేదు. ఆయన మందులు మాత్రం మన ఊరి ఆసుపత్రిదాకా వచ్చాయి. వాటిని సరిగ్గా వాడుకోవడం మన చేతిలో పని.