ఎర్లాంగు మహాశయుడు

నర్సంపేట ప్రాంతమునకు జలాధారమైన పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలమున వెలసినది. నీరు పరిమితము, పొలములు పెక్కు. కనుక తూము నీటిని వంతులు వేసి పంచుకొనుట రైతులెరిగిన విద్యయే. కాని యే క్షణమున నెవరికెంత కావలెనో ముందుగా తెలియనపుడు పంపకము సాగించుట యెట్లు? ఈ ప్రశ్నకు గణితమున సమాధానము చూపిన మహనీయుడు ఎర్లాంగు.

అగ్నర్ క్రారుప్ ఎర్లాంగు 1878 జనవరి 1వ తేదీన డెన్మార్కు దేశమందలి లోన్‌బోర్గ్ గ్రామమున జన్మించెను. తండ్రి గ్రామ పాఠశాలోపాధ్యాయుడు. పదునాలుగవ యేటనే ప్రవేశపరీక్షయందు ఉత్తీర్ణుడై, తండ్రి బడిలోనే రెండేండ్లు బోధించెను. పిమ్మట విద్యార్థివేతనముతో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున చదివి, 1901లో గణితమున పట్టము పొంది, ఏడేండ్లు ఉపాధ్యాయవృత్తిలో గడపెను.

1908లో కోపెన్‌హాగెన్ టెలిఫోను సంస్థలో చేరెను. అచ్చటి సమస్య చిక్కైనది. తీగలు తక్కువైనచో పిలుపులు విఫలమగును. ఎక్కువైనచో ధనము వృథా. ఎవ్వరెప్పుడు మాటాడుదురో చెప్పజాలము. అయినను వేలకొలది పిలుపులను కూడి చూచినచో అందొక నియమము కన్పట్టునని ఆయన 1909లో చూపెను. ఎన్ని తీగలున్నచో ఎన్ని పిలుపులు విఫలమగునో లెక్కించు సూత్రమును 1917లో ప్రకటించెను. నూటికొక్క పిలుపు మాత్రమే విఫలము కావచ్చుననుకొన్నచో, పది తీగలు సగటున సుమారు 4.5 సంభాషణల భారమును వహించును. అట్టి రెండు గుంపులను ఇరువది తీగల యొక్క గుంపుగా కలిపినచో, అది వహించునది 9 కాదు, 12. విడివడిన వానికంటె కలిసిన వానికి బలము మెండు.

ఆయన గదిలో కూర్చుండి లెక్కలు మాత్రమే వేసినవాడు కాడు. నిచ్చెన మోయు పనివాడు వెంటరాగా వీధులలోని గోతులలోనికి దిగి, భూగర్భమందలి తీగలను స్వయముగా పరీక్షించెడివాడు. వివాహమాడలేదు. సాయము కోరి వచ్చిన పేదలకు గుట్టుగా ధనమిచ్చి పంపెడివాడు. 1929 ఫిబ్రవరి 3వ తేదీన, ఏబదియొకటవ యేట పరమపదించెను.

1946లో టెలిఫోను రద్దీని కొలుచు ప్రమాణమునకు ఎర్లాంగు అని పేరిడిరి. నేడు అనేక కంప్యూటర్లను జతపరచి, వాని ప్రాసెసర్లను పలు పనులకు కేటాయించువారికిని ఆయన గణితము దారి చూపుచున్నది. ఒక పనికి అవసరమునకు మించి ప్రాసెసర్ల నిచ్చినచో తక్కిన పనులు వరుసలో నిలిచిపోవును. తక్కువ యిచ్చినచో ఆ పనియే జాగగును. ఉన్నదానిని అందరికిని అందునట్లు పంచుటకు లెక్కయు, దయయు రెండును వలయునని ఎర్లాంగు జీవితము మనకు బోధించుచున్నది.