లోపమున్న బట్ట - ఇమామ్ గారి పరిహారం

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో కూఫాలో జన్మించారు. గొప్ప ధర్మశాస్త్రవేత్తగా మనమంతా ఎరిగిన ఆయనకు జీవనోపాధి బట్టల వ్యాపారం. ఒకసారి వ్యాపార భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు సరుకు పంపుతూ, ఫలానా బట్టలో లోపముంది, కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మండని సూచించారు. హఫ్స్ ఆ మాట మరచి అమ్మేశారు. కొన్నదెవరో తెలియలేదు. ఇది విన్న ఇమామ్ గారు ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో ఆయన బాగ్దాద్‌లో కన్నుమూశారు.

మన అంగట్లో ఇలాంటిది జరిగితే ముందు కొన్నవారిని వెతకాలి. లోపం చెప్పాలి, వారు కోరితే సొమ్ము తిరిగివ్వాలి. ఎంత వెతికినా మనిషి దొరకనప్పుడే దానం. దాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) తీర్చనిదే మన తౌబా పూర్తి కాదు.