గ్రెచ్చో గుహలో ఫ్రాన్సిస్

అస్సీసీ పురమున ధనికుడగు వస్త్రవర్తకుని యింట జన్మించి, పితృధనమును త్యజించి, భిక్షాటనము నవలంబించిన ఫ్రాన్సిస్ కథ లోకవిదితము. పక్షులకు అతడు బోధించిన వృత్తాంతము బాలురకును తెలియును. అంత్యకాలమున అతడనుభవించిన మనోవేదన మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

పండ్రెండుగురతో ఆరంభమైన సోదరసమాజము వేలకొలది జనముతో నిండెను. భవనములు కావలెననువారు, గ్రంథములు కావలెననువారు, నియమములను సడలింపవలెననువారు బయలుదేరిరి. 1220లో ఫ్రాన్సిస్ అధికారమును విడిచెను. పదవి విడుచుట సుకరమే. తాను నాటిన చెట్టు తన యిష్టమునకు విరుద్ధముగ పెరుగుచుండగా ఊరకుండుట దుష్కరము. నియమావళిని పలుమారులు దిద్దవలసివచ్చెను. తుదకు 1223 నవంబరు 29న మూడవ హొనోరియుస్ పోపు దానిని ఆమోదించెను. అప్పటికే ఫ్రాన్సిస్ దేహము రోగజర్జరితము.

క్రిస్మసు సమీపించెను. అతడు గ్రెచ్చో గ్రామమునకు పోయి, జొవాన్నీ యను మిత్రునిచే కొండగుహలో పశువుల తొట్టిని, ఎండుగడ్డిని, ఎద్దును, గాడిదను సిద్ధపరపించెను. ఆ రాత్రి గ్రామస్థులు దివిటీలతో వచ్చిరి. తొట్టిపైననే పూజ జరిగెను. ఫ్రాన్సిస్ గురువు కాడు, ఉపగురువు మాత్రమే. సువార్తను గానముచేసి, దీనుడై జన్మించిన ప్రభువును గూర్చి బోధించెను. వాదములు లేవు, నియమములు లేవు. ఎదుట గడ్డి, పశువులు, చలిరాత్రి.

సమాజము తనది కాదు, దైవమునది యను నిశ్చయము అతనికి క్రమముగ కలిగెనని సన్నిహితులు వ్రాసిరి. 1226 అక్టోబరు 3న మరణించుటకు ముందు తన్ను వట్టినేలపై పరుండబెట్టుమని కోరెను. మేనుగప్పిన వస్త్రము సైతము సోదరుడొకడు ఎరువుగా నిచ్చినదే.