కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు గారు

మన చిన్నతనంలో ఎవరైనా వడ్ల బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తుకుంటే, వీడెవడో కోడి రామ్మూర్తిలా ఉన్నాడని పెద్దలు అనేవారు. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గరైనా అదే మాట. ఆయనది ఏ ఊరో తెలియనివారు కూడా ఆ పేరు వాడేవారు. ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసివ్వమని మన సంఘంవారు కోరినప్పుడు నాకు ఆయనే గుర్తుకొచ్చారు. దానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. ముందు మనవి చేస్తాను.

రామ్మూర్తి నాయుడు గారు 1880లలో వీరఘట్టంలో జన్మించారు. అప్పట్లో శ్రీకాకుళం ప్రాంతంగా చెప్పుకొన్న ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి వెంకన్న నాయుడు గారు. తల్లి లేని పిల్లవాడు, పైగా అల్లరి. చదువు అబ్బడం లేదని తండ్రి ఆయనను విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారి దగ్గరకు పంపారు. అక్కడా పుస్తకం మీద కంటే తాలింఖానా మీదే మనసు. చివరకు మద్రాసు సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా చేరారు. ఉద్యోగంలో నిలిస్తే ఆయన కూడా మనలాగే పెన్షను తీసుకునేవారేమో! నిలవలేదు. మిత్రుల సాయంతో సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా, దేశదేశాలూ తిరిగారు.

ఆయన ప్రదర్శనలు జనం కథలుగా చెప్పుకొన్నారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు. రెండు కార్లకు కట్టిన గొలుసులు పట్టుకొని, అవి ఎటూ కదలకుండా నిలబెట్టేవారు. అన్నిటికంటే పెద్దది ఏనుగు ఫీటు. నేల మీద వెల్లకిలా పడుకొని, రొమ్ము మీద పలక వేయించుకొని, దాని మీదికి ఏనుగును ఎక్కించుకొనేవారు. పెద్ద ఏనుగు బరువు మూడు టన్నులు ఉంటుంది. ఊపిరి నిండా పీల్చి బిగబట్టడం, ప్రాణాయామం, ఏళ్ళ తరబడి రోజూ చేసిన సాధన, ఇవే ఆయనకు ఆధారం. పైగా శాకాహారి. కలియుగ భీముడని, ఇండియన్ హెర్క్యులిస్ అని బిరుదులు వచ్చాయి.

పలక జారితే పోయేది ఆయన ప్రాణమే. ఆ సంగతి ఆయనకు తెలుసు. తన రొమ్ము ఎంత మోస్తుందో చూసుకొన్న తరువాతే ఏనుగును పిలిచేవారు.

చూసేవారి సంగతి వేరు. సర్కస్ డేరాలో నేల టికెట్టు, గ్యాలరీ టికెట్టు, కుర్చీ టికెట్టు ఉండేవి. గ్యాలరీ అంటే పాతిన కర్రల మీద వరుసగా పలకలు పరిచి తాళ్ళతో బిగించినది. టికెట్టు కొన్నవాడు కింద కట్లు చూసి ఎక్కడు గదా! 1981లో బెంగుళూరులో సర్కస్ డేరా అంటుకొని తొంభై మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. 1955లో ఫ్రాన్సు దేశంలో లెమాన్స్ కారు పందెంలో ఒక కారు ఎగిరి జనం మీద పడి ఎనభై మందికి పైగా చనిపోయారు. కారు నడిపేవారికి ప్రమాదం తెలిసే దిగుతారు. కట్ట మీద నిలబడి చూసినవారు అంతా తెలిసే వచ్చారని నేను అనుకోను.

ఇక నేను చెబుతానన్న కారణం. 2021 మార్చి 22న మన సూర్యాపేటలో, ఎస్పీ ఆఫీసు మైదానంలో, జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ ఒక గ్యాలరీ కూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. దాని మీద సుమారు 1500 మంది ఉన్నారని వార్తల్లో వచ్చింది. నేను కాగితం తీసుకొని లెక్క వేశాను. మనిషికి అరవై కిలోలు వేసుకొంటే తొంభై టన్నులు, అంటే ముప్పై ఏనుగులు. రామ్మూర్తి గారు ఒక్క ఏనుగుకు ఎన్నో ఏళ్ళు సాధన చేశారు. పైగా మనుషులు ఏనుగులా కదలకుండా ఉండరు, కేక వేస్తే అందరూ ఒక్కసారే లేస్తారు. నిలువు కర్రలు ఎంత గట్టివైనా, అడ్డంగా, ఏటవాలుగా కత్తెర కట్లు లేకపోతే ఆ ఊపుకు మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది.

సర్వీసులో ఉండగా ఇలాంటి తాత్కాలిక కట్టడాలు చూసి సంతకం చేసే పని నాకూ ఉండేది. ఒకసారి, ఊరి పేరు వద్దు లెండి, సాయంత్రం సభ అనగా మధ్యాహ్నం కాగితం తెచ్చారు. తొందర పెట్టారు. నేను కిందికి వంగి చూడకుండానే సంతకం పెట్టాను. ఏమీ జరగలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 2021లో టీవీలో ఆ గ్యాలరీ పడిపోవడం చూసినప్పుడు ఆ సంతకమే కళ్ళ ముందు మెదిలింది.

మన వైపు ఎద్దుల బండలాగుడు పోటీల్లో కూడా తాడు దాటి కుర్రాళ్ళు ముందుకు తోసుకొస్తారు. బెదిరిన ఎద్దుకు తాడు ఒక లెక్కా! మనుమళ్ళు పోతామంటే వద్దనకండి గానీ, ఎక్కడ నిలబడాలో చెప్పి పంపండి. 2023లో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున కార్ల పందెం పెట్టినప్పుడు జనానికీ కార్లకూ మధ్య కాంక్రీటు గోడలు, వాటిపై ఇనుప వలలు కట్టారు. ఖర్చే మరి, అయినా కట్టారు.

రామ్మూర్తి గారి చివరి రోజులు బాధాకరం. సంపాదించిన లక్షలు దానధర్మాలకు పోయాయి. కాలికి జబ్బు చేసి కాలు తీసివేయవలసి వచ్చింది. ఏనుగును మోసిన మనిషి ఒరిస్సాలోని బలాంగీరులో, సొంత ఊరికి దూరంగా, 1942 జనవరిలో కన్నుమూశారు.

శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉన్నది. ఎప్పుడైనా వెళ్ళగలిగితే, మెట్లు ఎక్కే ముందు ఒకసారి కిందికి వంగి చూస్తాను.